రెండో తరగతి పిల్లలకి నిజం చేపతో పాఠం చెప్పొచ్చా? కొయ్యాలా, వద్దా?

బడిగంట
భీమవరం పక్క పల్లెలో ప్రాథమిక బడి మాది. ఒకటీ రెండూ తరగతులు నావే, మొత్తం 23 మంది. సగం మంది నాన్నలు చెరువుల మీద పనికెళ్తారు. పిల్లలు బడికొచ్చే దారిలోనే మేత బస్తాలు, ఐసు పెట్టెలు, పట్టుబడికొచ్చిన లారీలు.

పోయిన వారం బోర్డు మీద చేప బొమ్మ గీసి, గీతలు లాగి, మొప్పలు, వాజాలు, పొలుసులు, పార్శ్వరేఖ అని రాశాను. మూడు రోజుల్లో అందరికీ కంఠతా వచ్చేసింది. నేనూ సంతోషపడ్డాను. నిన్న మధ్యాహ్నం ఒక బాబు నాన్న సైకిలుకి శీలావతి చేపని తగిలించుకుని గేటు దగ్గర ఆగాడు. మంచి అవకాశం కదా అని "మొప్పలు ఏవిరా?" అని అడిగితే ఆ బాబు రెక్క చూపించాడు. పక్కనున్న పాప ఏమందంటే, "టీచర్, మీ బొమ్మలో చేప ఇటు చూస్తంది, ఇదేమో అటు చూస్తంది, అందుకే తెలవట్లేదు" అంది. రోజూ చేపల మధ్య తిరిగే పిల్లలకి నా బొమ్మ వల్ల చేప తెలియకుండా పోయిందా అని రాత్రంతా అదే ఆలోచన.

నిజం చేప తెచ్చి ముట్టుకోనివ్వాలని ఉంది. ఆరేడేళ్ళ వాళ్ళ ముందు కొయ్యొచ్చా? ఎంతవరకు? నలుగురు పిల్లల ఇళ్ళల్లో నీచు ముట్టరు, వాళ్ళనేం చెయ్యాలి? చేసి చూసినవాళ్ళు చెప్పండి.

కొల్లేటికొంగ
భీమవరం పిల్లలకి చేపంటే భయమా మేడమ్! మా పాప నాలుగేళ్ళప్పుడే చేప కన్ను నాకంటే నాకని అన్నతో కొట్లాడేది. తెచ్చేయండి.

పప్పుచారు
అందరి పిల్లలూ ఒకలా ఉండరు కొల్లేటికొంగ గారూ. మా ఇంట్లో నీచు లేదు. నేను మూడో తరగతిలో ఉండగా మా టీచరు ఏమీ చెప్పకుండా చేపని తెచ్చి బల్ల మీద పెట్టి పొట్ట చీల్చారు. మంచి ఉద్దేశంతోనే చేశారు, కానీ ఆ రోజు నేను అన్నం తినలేదు. ఆ తర్వాత సైన్సు పీరియడంటేనే కడుపులో తిప్పేది. చూపించొద్దు అనట్లేదు. ముందు చెప్పండి, ఇష్టం లేనివాళ్ళని బలవంతపెట్టకండి.

బడిగంట
నా భయం కూడా అదే పప్పుచారు గారూ. అందుకే ఇక్కడ అడిగాను.

సూక్ష్మదర్శిని
డిగ్రీ కాలేజీలో 20 ఏళ్ళు జువాలజీ చెప్పాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

కోతలు వద్దని యూజీసీ 2014లో చెప్పింది కాలేజీలకి, పాఠం కోసం జంతువుల్ని చంపొద్దనే ఉద్దేశంతో. మీరు చేసేది వేరు. కూరకి కొన్న చేపని వండేముందు పది నిమిషాలు చూడటం. ఏ ప్రాణీ మీ పాఠం కోసం పోదు. ఈ తేడా పిల్లలకి కూడా చెప్పండి, అర్థం చేసుకుంటారు.

కానీ మొదటి రోజే పొట్ట కొయ్యకండి. ఈ వయసుకి బయట ఉన్నదే బోలెడు. తల నుంచి తోక వైపు చెయ్యి రాయమనండి, నున్నగా జారుతుంది. తోక నుంచి తలకి రాస్తే గరుకు. ఎందుకూ? పెంకుటిల్లు చూపించండి. పెంకు మీద పెంకు ఎలా పరుస్తారో పొలుసులూ అలాగే, ముందుది వెనకదాని మీదకి వస్తుంది. పైన జిగురు ఉంటుంది, దాన్ని ఛీ అననివ్వకండి. నీళ్ళలో జారడానికీ, రోగాలు అంటకుండా ఉండటానికీ చేపకి అదే రక్ష. వీపు నలుపు, పొట్ట తెలుపు ఎందుకని అడగండి. పైనుంచి కొంగ చూస్తే అడుగున చీకట్లో కలిసిపోతుంది, కిందనుంచి పెద్ద చేప చూస్తే పైన వెలుతురులో కలిసిపోతుంది. పక్కన తల నుంచి తోక దాకా సన్నగా ఒక గీత కనపడుతుంది, మీరు బోర్డు మీద రాసిన పార్శ్వరేఖ అదే. ఆ గీత మీద పొలుసు ఒకటి ఊడదీసి భూతద్దంలో చూడండి, బెజ్జం ఉంటుంది. ఆ బెజ్జాల్లోంచే నీటి కదలిక చేపకి తెలిసేది. గట్టు మీద మనం అడుగేస్తే చేపకి తెలిసిపోవడంలో దానికీ వంతుంది.

రెండో రోజు మొప్పలు. నా దృష్టిలో పాఠమంతా ఇక్కడే ఉంది. కత్తి అక్కర్లేదు, కత్తెర చాలు, అదీ మీ చేతిలో. మూత ఎత్తి, లోపలి ఎర్రటి వంపుల్లో ఒకటి కత్తిరించి తియ్యండి. ఒక్కో పక్క నాలుగేసి ఉంటాయి. దాన్ని తెల్లటి పళ్ళెంలో నీళ్ళు పోసి వెయ్యండి. ఈకలా విచ్చుకుంటుంది. పైకి ఎత్తండి. తడిసిన జుట్టులా అంతా ఒక్కటై అతుక్కుపోతుంది. మళ్ళీ నీళ్ళలో వెయ్యండి, మళ్ళీ విచ్చుకుంటుంది. ఒక్కొక్కరి చేత చేయించండి. ఒడ్డున పడ్డ చేప చుట్టూ అంత గాలి ఉన్నా ఎందుకు చచ్చిపోతుందో మీరు నోరు విప్పి చెప్పక్కర్లేదు. వాళ్ళే చెప్తారు.

పొట్ట సంగతి ఆ తర్వాత, పిల్లలు అడిగితేనే.

కొల్లేటికొంగ
ఇన్నేళ్ళు చేపలు తిన్నాను, మొప్పని నీళ్ళలో వేసి చూసిన పాపాన పోలేదు. రేపే చూస్తా.

ఓరుగల్లు_వాణి
మా దిక్కు పిల్లలకు చేప పాఠం చెప్పేది మార్కెట్ల చేపలు కొట్టే అక్కనే. మా బాబును ప్రతి ఐతారం తీస్కపోత. ఆమె మొప్ప ఎత్తి "ఎర్రగుంటెనే తీస్కో, నల్లగైతే వద్దు" అంటది. కన్ను ఉబ్బి మెరుస్తుండాలె, లోపలికి గుంజుకపోవద్దు. వేలుతోని ఒత్తితె గుంట పడొద్దు, మళ్ళ లేవాలె. ఆరేండ్లోడు ఇప్పుడు నాకన్న మంచిగ ఎంచుతుండు.

నాకొక డౌటు సార్. మృగశిర నాడు కొర్రమీను కోసం లైన్ల నిలబడ్డం. తొట్టిల బతికున్నయి పెట్టిండ్రు. అవి ఊకె పైకొచ్చి నోరు తెరిసి మళ్ళ కిందికి పోతున్నయి. మా వాడు "అమ్మా, వాటికి మొప్పలు ఖరాబైనయా" అని అడిగిండు. నేనేం చెప్పలేకపోయిన.

సూక్ష్మదర్శిని
వాణి గారూ, మీ వాడి ప్రశ్న చాలా గొప్పది. మొప్పలు ఖరాబు కాలేదు, అవి చాలవు అంతే. కొర్రమీనుకి మొప్పల పైన చిన్న అర ఉంటుంది, పైకొచ్చి గాలి మింగి అందులో నింపుకుంటుంది. వల అడ్డం పెట్టి పైకి రానివ్వకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. ఎండిపోయే కుంటల్లో బురదలో బతకడానికి వచ్చిన ఏర్పాటు అది. తడి సంచిలో చాలాసేపు బతికుండేదీ అందుకే. తెలంగాణ రాష్ట్ర చేప కూడా అదే, మీ వాడికి చెప్పండి.

ఓరుగల్లు_వాణి
చెప్పిన సార్. "మన రాష్ట్ర చేపకు రెండు ముక్కులున్నట్టా" అంటుండు 😀

ఉప్పాడ_తీరం
గంగపుత్రుల ఇంట్లో పుట్టినోణ్ణి. ఒక మాట అనాలి, ఏమీ అనుకోకండి. ఆ "వాజం" అనే మాట ఎక్కడిదండీ? మా నాన్న 40 ఏళ్ళు వేటకెళ్ళాడు, ఆయన నోట ఎప్పుడూ వినలేదు. రెక్కలంటాం. మా చిన్నప్పుడు పరీక్షలో "రెక్కలు" అని రాస్తే మాష్టారు కొట్టేసి "పక్షికి రెక్కలు, చేపకి వాజాలు" అని ఎర్రసిరాతో రాశారు. సముద్రంలో పుట్టి పెరిగినోడికి చేప తెలీదని సున్నా. ఇప్పటికీ బాధే. ఆ బాబు రెక్క చూపించాడంటే తప్పు వాడిది కాదండీ, పుస్తకం మాటకీ వాడి ఇంటి మాటకీ వంతెన వెయ్యలేదు.

పెన్నూపేపరూ
ఉప్పాడ గారి బాధ న్యాయమే, కానీ వాజం వద్దంటే ఒప్పుకోను. హైస్కూలుకెళ్ళాక పుస్తకంలో అదే మాట. అప్పుడు కొత్తగా వింటే బెదిరిపోతారు. మా విద్యార్థులు తొమ్మిదిలో అలా బెదిరినవాళ్ళే.

ఉప్పాడ_తీరం
వద్దనట్లేదు మాష్టారూ. ముందు రెక్క అననివ్వండి. అది ఎందుకుందో తెలిశాక దానికి పుస్తకంలో పేరు వాజం అని చెప్పండి.

అడ్డదారి
మా ఇంట్లో మొప్పల్ని "చెవులు" అంటారు. "చెవులు తీసేసి కడుగు" అంటుంది మా అమ్మమ్మ. మరి చేపకి నిజంగా చెవులున్నాయా లేవా?

సూక్ష్మదర్శిని
ఉన్నాయి. బయటికి కనపడవు, తల లోపల ఉంటాయి. వాటిలో చిన్న తెల్లటి రాళ్ళుంటాయి. వినడానికీ, ఒరిగిపోకుండా నిలబడటానికీ అవే ఆధారం. పులుసులో తలకాయ తిన్నాక జాగ్రత్తగా వెతికితే దొరుకుతాయి. కొన్ని రకాల సముద్రపు చేపల్లో బాగా పెద్దవి.

ఉప్పాడ_తీరం
ఆ రాళ్ళు గొరస చేపల్లో ఉంటాయండీ, చిన్నప్పుడు దాచుకునేవాళ్ళం. వీటి కుటుంబంలోదే కచిడి. కచిడి పడితే ఊరంతా ఒడ్డున చేరుతుంది, ఒక్క చేప లక్షలు పలికిందని పేపర్లో వస్తుంది. ఆ ధర కండకి కాదండీ, లోపలున్న గాలితిత్తికి, అంటే చేపని నీళ్ళలో తేల్చే గాలి సంచికి. ఈ జాతి చేపల్ని పడవలోకి లాగితే గుర్రుగుర్రుమంటాయి, ఆ చప్పుడు కూడా గాలితిత్తిదే. పిల్లలకి గాలితిత్తి చూపించేటప్పుడు ఈ సంగతి చెప్పండి, కళ్ళు విప్పార్చుకుని వింటారు.

చెరువుగట్టు
ఆకివీడు దగ్గర 12 ఎకరాల చెరువు. బడిగంట మేడమ్ గారూ, ఒక చేప కాదు, మూడు చేపలు పెట్టండి. బొచ్చె, శీలావతి, మోసు. మూడింటి నోళ్ళు చూడమనండి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, పైనీటిలో తింటుంది. శీలావతి నడిమి నీళ్ళది, పెదాలకి కుచ్చులుంటాయి. మోసు నోరు కిందకి, అడుగున బురదలో ఏరుకుంటుంది. అందుకే మూడూ ఒకే చెరువులో వేస్తాం, ఒకదాని కూడు ఇంకొకటి లాక్కోదు. మా నాన్న నాకు ఏడేళ్ళప్పుడు గట్టు మీద కూర్చోబెట్టి ఇది చెప్పాడు. నేర్చుకున్న మొదటి చేప పాఠం అదే, ఇప్పటికీ దాంతోనే బతుకుతున్నా.

ఇంకోటి. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లారుజామున నాలుగింటికి చెరువు దగ్గరకొస్తే చేపలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటాయి. నీళ్ళలో కరిగిన ప్రాణవాయువు, మేం డీవో అంటాం, మూడు పీపీఎం (లీటరుకి మూడు మిల్లీగ్రాములు) కంటే దిగిందంటే మాకు కాళ్ళు వణుకుతాయి, ఏరియేటర్లు, అదే నీళ్ళు చిలికే పంకాలు, వేసుకుని పరిగెడతాం. మీ పిల్లల్లో సగం మంది నాన్నలు ఆ టైములో ఇంట్లో ఉండరు. ఎందుకు ఉండరో ఆ మొప్ప చూపించినప్పుడు చెప్పండి.

బడిగంట
చెరువుగట్టు గారూ, ఇది చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. "మా నాన్న రాత్రుళ్ళు ఉండడు" అని ఆ పిల్లలు చాలాసార్లు చెప్పారు నాతో. ఎప్పుడూ దీన్నీ దాన్నీ కలిపి ఆలోచించలేదు.

డాలస్_దుర్గ
ఇక్కడ మా సమస్య తలకిందులు. సూపర్‌మార్కెట్లో చేపంటే తలా తోకా లేని తెల్లటి ముక్క. మా అమ్మాయికి ఐదేళ్ళప్పుడు చేప గియ్యమంటే దీర్ఘచతురస్రం గీసింది! ఆ శనివారమే ఏషియన్ మార్కెట్‌కి తీసుకెళ్ళి పొలుసులతో సహా నిండు చేపని కొన్నాం.

మేం చేసింది చేప అచ్చు. జపాన్ జాలర్లు 19వ శతాబ్దంలో పట్టిన చేప కొలత గుర్తుండటానికి ఇలా తీసేవారట, గ్యోతకు అంటారు. చేపని ఉప్పుతో రుద్ది జిగురంతా కడిగెయ్యాలి. గుడ్డతో బాగా తుడవాలి, తడి ఉంటే రంగు పాకుతుంది. మొప్పల్లో, కింద రంధ్రంలో కాగితం కుక్కాలి, లేదంటే నీరు కారుతుంది. రెక్కల కింద మైనంపిండి పెట్టి విప్పి నిలబెట్టాలి. పల్చగా రంగు పూసి, పల్చటి కాగితం పరిచి, వేళ్ళతో తల నుంచి తోకకి నెమ్మదిగా ఒత్తాలి. మా పాప అప్పుడే మొదటిసారి పక్క గీతని చూసింది, కాగితం మీద చుక్కచుక్కగా వచ్చింది. కన్ను మాత్రం అచ్చు పడదు, తర్వాత గీసుకోవాలి.

మా అత్తగారిది పెడన. వీడియో కాల్‌లో చూసి "ఇదేముంది, మా అద్దకమే కదా, దిమ్మకి బదులు చేప" అన్నారు.

కొల్లేటికొంగ
ఊరు మచిలీపట్నం పక్కనే, దిమ్మ చేపే. సరిపోయింది 😀

పప్పుచారు
దుర్గ గారూ, రంగు పూసిన చేపని తర్వాత పారేశారా? అది నాకు నచ్చలేదు.

డాలస్_దుర్గ
పారేశాను. ఇప్పుడు మీరడిగితే తప్పనిపిస్తోంది. తినే రంగులు వాడి ఉండాల్సింది.

పెన్నూపేపరూ
పసుపు వాడండి. పసుపు ముద్దతో అచ్చు తీసి, కడుక్కుని వండుకోవచ్చు, ఎలాగూ పసుపు రాస్తాం. తెల్ల గుడ్డ మీద తియ్యండి. ఆరాక కుంచెతో సబ్బునీళ్ళు అద్దితే అక్కడ ఎర్రగా మారుతుంది. మొప్పల చోట సబ్బునీళ్ళు పెడితే పసుపు చేపకి ఎర్ర మొప్పలు!

పప్పుచారు
అబ్బ, ఇది బాగుంది మాష్టారూ.

ఆస్పత్రి_అక్క
నర్సుని. కొన్ని జాగ్రత్తలు. జెల్ల చేపల్ని తేకండి, వీపు మీదా పక్కలా ఉండే ముల్లు గుచ్చుకుంటే పెద్దవాళ్ళే ఏడుస్తారు. ఏ చేపైనా ముందు రెక్కల మొనలు కత్తెరతో తియ్యండి. చేపంటే దద్దుర్లు వచ్చే పిల్లలుంటారు, ఇళ్ళల్లో అడగండి. ఐసు మీదే ఉంచండి, మన ఎండల్లో గంట కూడా బయట పెట్టొద్దు. సబ్బుతో చేతులు కడిగాకే గది దాటాలి.

ఫార్మలిన్‌లో ఊరిన సీసా చేపలు చిన్నపిల్లల దగ్గరకి తేనే వద్దు. హైస్కూలు నుంచి ఎవరైనా ఇస్తామన్నా తీసుకోకండి. దాని ఆవిరే మంచిది కాదు.

పొట్ట కోస్తే పచ్చటి చిన్న తిత్తి ఉంటుంది, పిత్తం. పగిలితే కూరంతా చేదు, అది అందరికీ తెలుసు. చాలామందికి తెలియంది ఇంకోటి ఉంది. దాన్ని పచ్చిగా మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి. ఏదో జబ్బుకి మంచిదని మింగి ఆస్పత్రికి వచ్చినవాళ్ళని చూశాను. పిల్లలకి ఒక్కసారి గట్టిగా చెప్పండి.

అడ్డదారి
మా తాత చూపుకి మంచిదని మింగేవాడు. ఏమీ కాలేదు.

ఆస్పత్రి_అక్క
మీ తాతగారు అదృష్టవంతులు తమ్ముడూ. డయాలసిస్ మీద పడుకున్న మనిషిని నేను చూశాను. దయచేసి ఎవరికీ చెప్పొద్దు.

అడ్డదారి
సరే అక్కా, చెప్పను.

పప్పుచారు
నీచు ముట్టని పిల్లల కోసం ఆలోచించాను. మొప్ప బదులు బొమ్మలేసే కుంచె. నీళ్ళ గ్లాసులో ముంచితే వెంట్రుకలు విచ్చుకుంటాయి, పైకి తీస్తే ముడుచుకుని మొనదేలతాయి. నిన్న మా అమ్మాయితో చేశాను, సూక్ష్మదర్శిని గారు చెప్పిందే కళ్ళకి కట్టింది.

గాలితిత్తికి చిన్న మందుసీసా. మూత పెట్టి బకెట్లో వేస్తే తేలింది. నిండా నీళ్ళు పోస్తే మునిగింది. కొంచెం కొంచెంగా నీళ్ళు పోస్తూ, మునగకుండా తేలకుండా నడుమ నిలబెట్టమన్నాను. అరగంట పట్టింది దానికి! "చేప ఎప్పుడూ ఈ పనే చేస్తుంటుందా అమ్మా" అంది. గోధుమపిండి చేప చేసి వేపాకులు పొలుసుల్లా గుచ్చాం. తోక దగ్గర మొదలుపెట్టి తల వైపు రావాలి, లేదంటే ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవు. పెంకులు నేసేవాళ్ళు చూరు దగ్గర ఎందుకు మొదలుపెడతారో నాకిప్పుడు తెలిసింది.

సూక్ష్మదర్శిని
పప్పుచారు గారూ, నా కాలేజీ పిల్లలకి ఇంత బాగా చెప్పలేదు నేను. ఒక్క మాట చేరుస్తాను: సీసాలో మీరు నీళ్ళు పోసి బరువు మార్చారు, చేప తిత్తిలో గాలి పెంచీ తగ్గించీ అదే పని చేస్తుంది. శీలావతిలో ఈ తిత్తి నడుము బిగించినట్టు రెండు అరలుగా ఉంటుంది.

ఉప్పాడ_తీరం
సొరకి గాలితిత్తి ఉండదండోయ్. ఈదటం ఆపితే కిందకి దిగిపోతుంది. మొప్పల మీద మూతా ఉండదు, పక్కన ఐదు చీలికలు కనపడతాయి. చర్మం ఉప్పుకాగితంలా ఉంటుంది. ఎవరైనా కాకినాడ వైపొస్తే పిల్లలకి రేవులో చూపించండి.

బడిగంట
అందరికీ చెప్పాలని ఆగాను. శనివారం చేశాం.

ముందు రోజు ఇళ్ళకి వెళ్ళి చెప్పి వచ్చాను. నలుగురిలో ఇద్దరి అమ్మలు "చూడనివ్వండి, ముట్టుకోవద్దు" అన్నారు. ఇద్దరు వద్దన్నారు. ఆ ఇద్దరికీ వరండాలో కుంచె, మందుసీసా, వేపాకులు. చెరువుగట్టు గారు తెల్లారేసరికి మూడు చేపలు పంపారు, డబ్బులిస్తే తీసుకోలేదు.

నోళ్ళ దగ్గరే 20 నిమిషాలు గడిచిపోయాయి. నేను ఏమీ చెప్పలేదు, "ఏది ఎక్కడ తింటుంది?" అని మాత్రం అడిగాను. మోసుని చూసి ఒక పాప, "ఇది కింద పడ్డ మెతుకులు తినేది" అంది. ఎవరు చెప్పారమ్మా అంటే, "నోరు అటే ఉందిగా" అంది.

అచ్చు మొదటిది పాడైంది. తుడవటంలో తొందరపడ్డాను, పసుపు మరక తప్ప ఏమీ రాలేదు. పిల్లలు నా వంక చూశారు. ఉప్పుతో మళ్ళీ రుద్ది, నా చున్నీతో తుడిచి తీస్తే రెండోది బాగా వచ్చింది, పక్క గీత కూడా. ఉప్పాడ గారూ, దాని మీద "రెక్క" అనే రాయించాను. కింద చిన్న అక్షరాలతో "పుస్తకంలో: వాజం".

తర్వాత మొప్ప. ఒక బాబు వాసనకి ముక్కు మూసుకుని గుమ్మం బయటికెళ్ళాడు, వెళ్ళనిచ్చాను. పళ్ళెంలో మొప్ప విచ్చుకోగానే లోపల "ఓయ్" అని అరుపులు. కిటికీలోంచి తొంగి చూశాడు. రెండు నిమిషాలకి వచ్చి వరసలో నిలబడ్డాడు. ఒక్కొక్కరూ ఎత్తారు, ముంచారు. మా బడిలో ఇంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. గేటు దగ్గర రెక్క చూపించాడే, ఆ బాబు వంతు వచ్చింది. మూడుసార్లు ఎత్తి ముంచి, "టీచర్, బయట గాలుంది గానీ దీనికి తలుపులు మూసుకుపోతన్నాయి" అన్నాడు. అప్పుడు తెల్లారుజామున చెరువు సంగతి చెప్పాను. "అందుకేనా మా నాన్న పంకాలు తిప్పడానికెళ్తాడు?" అని వాడే అడిగాడు. అవునన్నాను. గొంతు పట్టేసింది, ఇంకేం చెప్పలేకపోయాను.

ఒక ప్రశ్నకి నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. "నీళ్ళు నోట్లోంచి తీసుకుంటే పొట్ట నిండిపోదా?"

సూక్ష్మదర్శిని
చాలా సంతోషంగా ఉందమ్మా. నీళ్ళు తీసుకునేటప్పుడు గొంతు బిగించి ఉంటుంది. నోరు తెరిస్తే మొప్పల మూత మూసుకుంటుంది, నీళ్ళు లోపలికి. నోరు మూస్తే మూత తెరుచుకుంటుంది, నీళ్ళు మొప్పల మీదుగా బయటికి. ఇద్దరేసి పిల్లల్ని నిలబెట్టండి, ఒకరు నోరు, ఒకరు మూత. ఒకరు చేతులు తెరిస్తే ఇంకొకరు మూయాలి. తప్పకుండా తడబడతారు, నవ్వుతారు, మర్చిపోరు. గాజు తొట్టిలో బతికున్న చేప ఉంటే నిమిషానికి మూత ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టించండి, ఉదయం ఒకసారి, ఎండెక్కాక ఒకసారి. నీళ్ళు వేడెక్కితే అందులో ప్రాణవాయువు తగ్గుతుంది, లెక్క పెరుగుతుంది.

బడిగంట
పొట్ట కొయ్యలేదు. కానీ "లోపలేముంది" అని సోమవారం నుంచి ఆరుగురు అడుగుతున్నారు.

సూక్ష్మదర్శిని
అడిగారు కాబట్టి ఇక చెయ్యొచ్చు. అడిగినవాళ్ళకే. పేగు బయటికి తీసి దారంతో కొలిపించండి. శీలావతి ఎక్కువగా నాచూ ఆకూ తినేది, పేగు చుట్టలు చుట్టలుగా ఒంటికి చాలా రెట్లు పొడుగుంటుంది, వేరే జీర్ణకోశం కూడా ఉండదు. నోట్లో పళ్ళుండవు, గొంతులో ఉంటాయి. కొర్రమీను చేపల్ని తినే చేప. దవడలకే పళ్ళు, పేగు పొట్టి. రెండు దారాలు పక్కపక్కన గోడకి వేలాడదియ్యండి. కన్ను లోపలి గుండ్రటి గోళీని మీరే తీసి కడిగి, పేపరులో అక్షరం మీద పెట్టండి. పచ్చిగా ఉన్నప్పుడు గాజులా ఉంటుంది, అక్షరం పెద్దగా కనపడుతుంది. పులుసులో తెల్లగా గట్టిపడేది అదే.

కొల్లేటికొంగ
మా పాప కొట్లాడి తిన్నది భూతద్దమా! ఇవాళ ఇంటికెళ్ళి చెప్పాలి.

పప్పుచారు
దారం సంగతి వరండా పిల్లలకీ పనికొస్తుంది. కొలిచిన దారాలు వాళ్ళ చేతికిస్తే గోడకి వాళ్ళే కడతారు, లెక్క రాస్తారు.

బడిగంట
అలాగే చేస్తాను. శీలావతికి పచ్చ దారం, కొర్రమీనుకి ఎర్ర దారం అనుకుంటున్నా.

చెరువుగట్టు
వచ్చే శనివారం ఏడున్నరకల్లా శీలావతి ఐసులో పంపిస్తా మేడమ్ గారూ. కొర్రమీనులు రెండు తెస్తా. ఒకటి కూరకి పోయేదే, పేగు కొలవడానికి. రెండోది బతికున్నది, దాన్ని కొయ్యొద్దు, తొట్టిలో ఉంచండి, గాలి మింగటం చూస్తారు. సాయంత్రం నేనే వచ్చి పట్టుకెళ్ళి చెరువులో వదిలేస్తా. తొట్టి మీద వల మాత్రం కట్టండి, నీళ్ళకీ వలకీ మధ్య నాలుగు వేళ్ళు ఖాళీ వదిలి. ఎగిరి బయట పడుతుంది.